‘చేయడం’ మానేసి తెలుగు రాయించే వేసవి తరగతి: వెనక బల్ల మీద కూర్చున్న తండ్రి అభిప్రాయం

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంటి మేడ మీద, మే నెలలో రెండు వారాల పాటు పిల్లలకు తెలుగు రాయడం నేర్పే తరగతి నడుస్తుంది. ఎనిమిదో తరగతికి వచ్చిన మా పెద్దమ్మాయిని ఈ వేసవిలో అక్కడ చేర్పించాను. నడిపేవారి పేరు రాయడం లేదు. మెచ్చుకోవలసినవి చాలా ఉన్నా, గట్టిగా అనవలసిన మాట కూడా ఒకటి ఉంది. అది వారికి తెలిస్తే చాలు, ఊరందరికీ తెలియనక్కర్లేదు.

ముందు అందరూ అడిగే వివరాలు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా చేర్చుకుంటారు. సమయం ఉదయం ఎనిమిది నుంచి పది. రుసుము 1,500 రూపాయలు, నోటు పుస్తకం మనదే. ఏసీ లేదు. ఫ్యాన్లు మూడు, అందులో ఒకటి చప్పుడుకే తప్ప గాలికి పనికిరాదు. మంచినీళ్ళ కుండ ఉంది. బండి పెట్టుకునే చోటు లేదు, సందు చివర ఆపి నడిచి రావాలి. తల్లిదండ్రులు కావాలంటే వెనక బల్ల మీద కూర్చోవచ్చు. నా డీటీపీ దుకాణం పదిన్నరకు గానీ తెరవను కాబట్టి నేను కూర్చున్నాను.

నా వృత్తి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ తరగతిని నేను చూసిన చూపు అక్కడి నుంచే వచ్చింది. శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశాల కార్డులు కూర్చి పెట్టడం నా పని. వచ్చిన ప్రతివారూ "ఈసారి కొత్తగా ఏదైనా రాయండి" అంటారు. రాసి చూపిస్తే చదివి, తల ఊపి, పాతదే అచ్చు వేయించుకుంటారు. మన పెళ్ళిళ్ళన్నీ ఆ పాతిక ముప్పై మాటల్లోనే జరిగిపోతున్నాయి. మాటలు తెలియక కాదు, వాటితో అవసరం పడక. ఈ తరగతి ఆ అవసరాన్ని పుట్టిస్తుంది. నాకు నచ్చింది అదే.

పద్యాలు బట్టీ పట్టించడం, రోజుకు పది కఠిన పదాలు రాయించడం ఇక్కడ లేవు. రోజూ ఏదో ఒకటి నిషేధించి, అది లేకుండా రాయమంటారు. చెప్పేది జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన, ఆయనకు సాయంగా ఒక యువ ఉపాధ్యాయిని. మొదటి రోజు పిల్లలకు ఇచ్చిన పని చాలా చిన్నది: పొద్దున తిన్న టిఫిన్ గురించి పది వాక్యాలు. షరతు ఒక్కటే, ‘బాగుంది’, ‘చాలా’ అనే రెండు మాటలు వాడకూడదు. ముప్పై మందికి పైగా ఉన్న ఆ గదిలో ఒక్కసారిగా ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మూడో వాక్యం దగ్గరే సగం మంది ఆగిపోయారు. ఒకబ్బాయి చాలాసేపు పెన్సిలు కొరికి, "పచ్చడి నాలుక మీద చురుక్కుమంది" అని రాశాడు. మాస్టారు దాన్ని గట్టిగా చదివారు. ఆ తర్వాత గదిలో కరకర, జిగట, కమ్మదనం, మాడు వాసన అన్నీ వరసగా బయటికి వచ్చాయి. ఎవరూ నిఘంటువు తెరవలేదు. ఆ మాటలన్నీ పిల్లలకు ముందే తెలుసు, వాటిని పిలిచే అవసరం ఇంతవరకు రాలేదంతే.

నా లెక్కలో మొత్తం రుసుముకు సరిపోయే పాఠం ‘చేయడం’ మీద పెట్టిన నిషేధం. వంటగదిలో ఒక ఉదయాన్ని వర్ణించాలి. చేసింది, చేస్తూ, చేసి, చేయడం, ఏ రూపంలోనూ ఆ క్రియ రాకూడదు. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలకు దీనితో కాళ్ళూ చేతులూ కట్టేసినట్టయింది. కట్ చేయడం, మిక్స్ చేయడం, గ్రైండ్ చేయడం, వాష్ చేయడం: వాళ్ళ వంటిల్లంతా ఈ ఒక్క క్రియ మీదే నడుస్తోంది. అది తీసేసరికి ఉల్లిపాయను ఏం చేయాలో తెలియలేదు. ‘తరిగింది’ అని మా అమ్మాయి రాసింది. బాగానే ఉంది. వెంటనే మాస్టారు అడిగారు: "మరి గోంగూరనమ్మా? అదీ తరుగుతారా?" ఎవరికీ తెలియదు. "రేపు ఇంట్లో అడిగి రండి" అన్నారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగినదాన్ని ఏ పాఠ్యపుస్తకమూ జరిపించలేదు. మా అమ్మ తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. మనవరాలు ఫోను చేసి "నానమ్మా, గోంగూరను ఏమంటారు, కట్ చేయకుండా?" అని అడిగితే అటు నుంచి పెద్ద నవ్వు. "గోంగూర ఆకు ఒలుస్తారే తల్లీ. చిక్కుడుకాయ తుంచుతారు. కొబ్బరి కోరుతారు. బీరకాయకు చెక్కు తీస్తారు." ఇంక ఆమెను ఆపడం మా వల్ల కాలేదు. కారం దంచుతారు, పిండి రుబ్బుతారు, పసుపు నూరుతారు, తిరగలిలో విసురుతారు, పిండిమరలో అయితే పట్టిస్తారు. మేము ‘గ్రైండ్’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్న చోట ఇన్ని పనులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రాయి, ఒక్కో చేతి కదలిక. మా అమ్మాయి అవన్నీ రాసుకుని, చివర్లో "విసరడమంటే పారేయడం కాదా నానమ్మా?" అని అడిగింది. ఆ ప్రశ్నతో ఇంకో పావుగంట.

మర్నాడు తరగతి చూడవలసింది. దర్జీ కొడుకు ఒకబ్బాయి బట్ట కత్తిరించడం, అంచు మడిచి కుట్టడం, కాజాలు తీయడం గురించి చెప్పాడు. ఉయ్యూరు వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి నారు పోయడం, కలుపు తీయడం, నూర్చడం, తూర్పారబట్టడం అంటూ మొదలుపెట్టింది. అప్పటిదాకా ఆ పిల్ల నోరు విప్పగా నేను చూడలేదు. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలు ఆ రోజు ఆమె దగ్గర అడిగి రాసుకున్నారు. ఇంకో సంగతి కూడా నాకు నచ్చింది. ఒకడు లేచి, "అయితే స్నానం చేశాను అనడం తప్పా మాస్టారూ?" అన్నాడు. "తప్పేమీ లేదు నాయనా. ఈ గంటసేపే దానికి సెలవు. నువ్వు నీళ్ళు పోసుకో" అన్నారాయన. భాషను శుద్ధి చేస్తామంటూ పిల్లలను బెదిరించేవాళ్ళను చాలామందిని చూశాను, ఆయన ఆ బాపతు కాదు.

తర్వాతది సున్న లేకుండా రాయడం. ఫ్రెంచిలో జార్జ్ పెరెక్ అనే రచయిత 1969లో ‘e’ అక్షరమే లేకుండా మొత్తం నవల రాశాడని యువ ఉపాధ్యాయిని చెప్పారు. తెలుగులో అలా తీసేసి రాయించడానికి సున్నకు మించినది లేదని నాకు అక్కడే అర్థమైంది. రోజంతా తెలుగు అక్షరాలతో గడిపే నాకు కూడా అది ఎన్ని చోట్ల కూర్చుందో ఇంతవరకు పట్టలేదు. పుస్తకం, భయం, ఆకాశం, సంతోషం పోతాయి, అది ఊహించిందే. ఇల్లు ఉంటుంది గానీ ‘ఇంటి’ ఉండదు. నుంచి పోతుంది, దాని బదులు నుండి వేద్దామంటే అదీ పోతుంది. గురించి, కంటే, ముందు, వెంట, ఎందుకంటే, అన్నీ ఔట్. చూపించు, వినిపించు లాంటి క్రియలు వరసపెట్టి పోతాయి. అన్నిటికంటే పెద్ద దెబ్బ ‘వచ్చింది’, ‘ఉంది’, ‘అంటుంది’. అంటే కథలో అబ్బాయి రావచ్చు, అమ్మాయి రాకూడదు! పిల్లి కూడా రాకూడదు. దీని మీద ఆడపిల్లలు గొడవపెట్టారు. గొడవ పెట్టి, దారులు వెతికారు. ఒకరు ‘ఉన్నది’ పట్టుకున్నారు. ఒకరు అమ్మాయిని టీచరుగా మార్చి ‘వచ్చారు’ అన్నారు. మా అమ్మాయి కథ మొత్తాన్ని ‘నేను’లోకి తిప్పేసింది. క్రియల చివర ఏం మారుతుందో, ఎవరికి ఏది వస్తుందో ఏడేళ్ళ బడి చదువులో పట్టించుకోని పిల్ల ఒక్క పూటలో దాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టింది.

దొంగదారులూ దొరికాయి. ఒక గడుసువాడు అన్నిటినీ బహువచనం చేశాడు: పుస్తకాలు, దీపాలు, ఆకాశాలు, భయాలు. ఎక్కడా సున్న లేదు. మాస్టారు నవ్వి, "రేపు ‘లు’ కూడా లేదు" అన్నారు.

మా అమ్మాయి ఆ రోజు రాసినది ఇక్కడ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. తర్వాత చెప్పబోయే సంగతికి ఇది కావాలి: "దీపాలు ఆరిపోయాయి. మేడ మీద నేను ఒక్కదాన్నే. మిన్ను నల్లగా ఉన్నది. ఎక్కడో కుక్క మొరిగితే జడుసుకుని ‘అమ్మా’ అని అరిచాను. కిటికీ చప్పుడు కాదది, నా పళ్ళ చప్పుడు." మిన్ను ఎక్కడిదని అడిగాను. "మిన్ను విరిగి మీద పడ్డట్టు ఏమిటా ఏడుపు అని నానమ్మ తిడుతుంది కదా నాన్నా" అంది. జడుసుకోవడం కూడా ఆ ఇంటిదే. ఈ రెండు మాటలనూ అది ఏళ్ళ తరబడి వింటూనే ఉంది. ఎప్పుడూ వాడలేదు.

పదహారో శతాబ్దంలో పొన్నికంటి తెలగన సంస్కృత పదాలు రానివ్వకుండా యయాతి చరిత్రను రాసి గోల్కొండ సుల్తాను కొలువులోని అమీన్ ఖానుకు అంకితమిచ్చాడని మాస్టారు ఆ సందర్భంలోనే చెప్పారు. విడిగా చెబితే పిల్లలు ఆవలించేవారు. సున్నతో ఒక పూట కుస్తీ పట్టిన తర్వాత చెప్పారు కాబట్టి, "పుస్తకం మొత్తమా?" అని నోరు తెరిచారు.

పెదవులు తగలని రాత కూడా బాగా పండింది. నిరోష్ఠ్యమంటారు. ప, ఫ, బ, భ, మ ఐదింటినీ పక్కన పెట్టి రాయాలి, తర్వాత పెదవుల మధ్య వేలు పెట్టుకుని చదవాలి. వేలికి తగిలితే ఓడినట్టు. నాన్న, అన్న, అక్క, అత్త, తాత ఉండవచ్చు, అమ్మ ఉండకూడదు. తల్లి అనాలి. మేము, మనం, మా కూడా పోతాయి కాబట్టి కథలో ఎవరికి వారు ఒంటరివాళ్ళవుతారు. ఒక చిన్నపిల్ల ‘ఇష్టం’ అని చదివి, వేలు తీసి చూసుకుని, "ఇందులో మ లేదు కదా, మరి ఎందుకు తగిలింది?" అంది. మాట చివరి సున్నను మనం పలికేది అలాగే. పుస్తకంలో వ్యాకరణంగా చెబితే ఒక వాక్యం, ఇక్కడ వేలికే తగిలింది.

దండి దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడి కథ మొత్తం ఇలాగే నడుస్తుందనీ, పెదవికి గాయమైనందున అతడు ఈ అక్షరాలు పలకలేకపోయాడనీ మాస్టారు చెప్పారు. "పడ్డాడా సార్?" అని ముందు వరసలోంచి ప్రశ్న. ఆ గాయం ప్రియురాలి పంటి వల్ల అయినదని వెనక బల్ల మీద ఉన్న మాలో ఇద్దరు ముగ్గురికి తెలుసు. "ఆఁ, అలాంటిదే" అని ఆయన పాఠం ముందుకు నడిపించారు. తెలుగులో మరింగంటి సింగరాచార్యులు రామకథను ఈ పద్ధతిలోనే రాశారట. దాని పేరు దశరథరాజనందన చరిత్ర. పేరును కూడా వేలు పెట్టుకుని చదివి చూడండి, తగలదు. రాముడి కథ రాస్తూ రాముడు అనలేని ఇబ్బందిలోంచి పుట్టిన పేరు అది. పిల్లలు ఇంటికి వెళ్తూ మెట్ల మీద కూడా వేలు పెట్టుకుని ఆ పేరు అంటూనే ఉన్నారు.

అవధానం నుంచి తెచ్చిన ఆటలు అన్నీ ఒకే తీరుగా పనిచేయలేదు. నిషిద్ధాక్షరి జోడీలుగా ఆడించారు. ఒకరు అక్షరం రాస్తారు, ఎదుటివారు తర్వాత రాబోయేది ఊహించి దాన్ని నిషేధిస్తారు. పద్యం కాదు, వాక్యమే. సందడి బాగుంది, మాటలూ పెరిగాయి. దత్తపదిలో ఆటో, బెల్లం, తాళంచెవి, జాబిలి అని నాలుగు మాటలిచ్చి కథ రాయమన్నారు. అందరూ నవ్వుకునే కథలు రాశారు, కొత్త మాట ఒక్కటీ రాలేదు. ఇచ్చిన మాటలు ఎలాగూ ఉన్నాయి కదా, మిగతావి ఎప్పటివే. సమస్యాపూరణానికి "చేప చెట్టెక్కి నిద్రపోయింది" అని ఇస్తే, ఒకడు దాన్ని కొమ్మకు చిక్కిన చేప ఆకారపు గాలిపటంగా తేల్చాడు. తెలివికి మంచి పరీక్షే. పదసంపద పెంచుకోవాలని వచ్చినవారు మాత్రం ఈ రెండింటి మీద ఆశ పెట్టుకోవద్దు. మాటలను ఇచ్చే నియమం కంటే మాటలను లాక్కునే నియమమే పిల్లలను వెతికిస్తుందని నాకు తోచింది.

ఇక తప్పులు. రెండో వారంలో ఒక రోజు క, ఖ, గ, ఘ వరసలో ఒక్కో వాక్యం మొదలుపెట్టమన్నారు. ఙ, ఞ, ణ దగ్గర వదిలేయమన్నారు, సరే. కానీ ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ వచ్చేసరికి పిల్లలు ఫోనుల్లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి, ఆ అక్షరంతో కనబడిన మొదటి మాటను అతికించారు. పైగా ఆ రోజు ‘అరుదైన పదం’ వాడినవారికి బహుమతి అని ప్రకటించారు. ఝషం వాడినవాడికి పెన్ను దక్కింది. ఝషమంటే చేప. వాడు దాన్ని మళ్ళీ ఈ జన్మలో ఎక్కడ వాడతాడు? నిఘంటువును నేను తప్పుపట్టడం లేదు. మొదటి వారంలో అదే నిఘంటువును, బల్ల మీద పెట్టిన శబ్దరత్నాకరమనే పాత నిఘంటువును మాస్టారు ఎంత బాగా వాడించారో చూశాను. ముందు మీ మాట రాయండి, తర్వాత అది సరైనదో కాదో చూడండి అనేవారు. బహుమతి పెట్టగానే ఆ వరస తలకిందులైంది.

పనికాగితాల్లో అచ్చుతప్పులు కూడా ఉన్నాయి. ల ఉండవలసిన చోట ళ, వత్తు పోయిన మాటలు. తెలుగు నేర్పే కాగితానికి ఒకసారి ప్రూఫు చూడటం పెద్ద ఖర్చు కాదు. అడిగితే నేనే ఉచితంగా చూసిపెట్టేవాణ్ణి. ఆరో తరగతి పిల్లలనూ తొమ్మిదో తరగతి వాళ్ళనూ ఒకే గదిలో కూర్చోబెట్టడం వల్ల చిన్నవాళ్ళు సున్న రోజున బాగా నలిగారు. అంతమంది నోటు పుస్తకాలు ఇద్దరు దిద్దలేరు. మా అమ్మాయి పుస్తకంలో రెండో వారం పేజీల మీద ఎర్ర గీత ఒక్కటీ లేదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది చివరి రోజు చేతికి వచ్చింది. పిల్లల రచనలతో ఒక చిన్న పుస్తకం వేశారు. దానికి విడిగా 200 రూపాయలు. కాగితం, అచ్చు నాసిగా ఉన్నాయంటే నా దుకాణం కోసం చెబుతున్నాననుకుంటారు, వదిలేస్తాను. లోపల మా అమ్మాయి రచన చూడండి: "నభోవీధి నల్లగా ఉన్నది. ఎక్కడో కుక్క మొరిగితే భీతిల్లి ‘అమ్మా’ అని అరిచాను."

నియమం చెడలేదు, సున్న ఎక్కడా రాలేదు. ఆ మాటలు మాత్రం నా కూతురివి కావు. ఎనిమిదో తరగతి పిల్ల మేడ మీద చీకట్లో భీతిల్లదు, జడుసుకుంటుంది. అడిగితే, పుస్తకం పెద్దవాళ్ళు కూడా చదువుతారు కాబట్టి కొంచెం మెరుగుపెట్టామన్నారు. ఇంకో అబ్బాయి ‘చురుక్కుమంది’ని కూడా తీసేసి ‘కటువుగా తోచినది’ అని పెట్టారు. పచ్చడి! రెండు వారాలు పిల్లల నోట్లోంచి వాళ్ళ మాటలను బయటికి లాగి, అచ్చుకు వెళ్ళే ముందు వాటిని తుడిచేస్తే ఇంతకీ నేర్పింది ఏమిటి? మా అమ్మాయి పుస్తకం తెరిచి చూసి, "నాన్నా, నాది తప్పా?" అని అడిగింది. తప్పు కాదని చెప్పాను, నమ్మినట్టు లేదు. మార్పులు చేసింది మాస్టారో, ఇంకెవరో నాకు తెలియదు. మొదటి రోజు ఆ పచ్చడి వాక్యాన్ని గట్టిగా చదివి వినిపించిన మనిషి దాన్ని కొట్టేస్తారని అనుకోలేను.

ఎవరిని పంపవచ్చు? ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలైతే నిశ్చింతగా పంపండి, ముఖ్యంగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రాయడానికి వచ్చేసరికి తడబడేవాళ్ళను. ఆరో తరగతి వాళ్ళకు ఒక ఏడాది ఆగడం మంచిది. మార్కుల కోసమైతే వద్దు, ఇక్కడ పరీక్షకు పనికొచ్చేది ఏమీ చెప్పరు. ఫోను చేస్తే విసుక్కోని అమ్మమ్మో నానమ్మో తాతయ్యో ఉన్న ఇల్లయితే రెట్టింపు లాభం. పంపగలిగితే మొదటి వారమంతా తప్పకుండా పంపండి, అక్షరమాల రోజున జ్వరమొచ్చిందని చెప్పినా నష్టం లేదు.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. ఆ పుస్తకం లేకపోతే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి. రెండో అమ్మాయి వచ్చే ఏడాది ఏడో తరగతికి వస్తుంది, దాన్ని కూడా ఇక్కడే చేర్పిస్తాను. పుస్తకానికి 200 మాత్రం కట్టను. దాని నోటు పుస్తకం పేజీలను నేనే కూర్చి, ఒక్క అక్షరం మార్చకుండా మా దుకాణంలో అచ్చు వేసుకుంటాను.